నైరుతి గుమ్మం

రొయ్యల ప్లాంటులో ఆరేళ్ళు పనిచేశానని చెప్పగానే ఎవరైనా ముక్కు చిట్లిస్తారు. "ఆ వాసన ఎలా భరించారండీ?" అంటారు. వాసనకేం, నిమ్మచెక్కతో రెండుసార్లు రుద్దుకుంటే పోతుంది. నేను ఇప్పటికీ చూడలేనివి ఫొటోలు. మంటలార్పే ఎర్ర సిలిండరు పట్టుకుని, వరసగా నిలబడి, నవ్వుతున్న ఆడవాళ్ళ ఫొటోలు. వాటిలో సగం నేనే తీశాను. కింద "అగ్నిమాపక శిక్షణ విజయవంతంగా పూర్తయినది" అని రాసిందీ నేనే.

భీమవరం నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, రెండు పక్కలా చెరువుల మధ్య ఉండేది మా ప్లాంటు. పేరెందుకు లెండి. చెరువుల్లోంచి వచ్చిన రొయ్యలకి తలలు తీసి, పొట్టు వలిచి, గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది ఓడలెక్కిస్తారు. నేను ఆఫీసులో కూర్చుని పనివాళ్ళ హాజరు, సెలవులు చూసేదాన్ని. ఒకరోజు మేనేజరు గారు పిలిచి, "మేడం, ఇవాళ్టి నుంచి ఫైర్ సేఫ్టీ ఇన్‌ఛార్జి కూడా మీరేనండి" అన్నారు.

"నాకేం తెలుసండీ?" అన్నాను.

"తెలియక్కర్లేదండి. ఫైలుంటే చాలు."

మా రొయ్యలు కొనే పైదేశం వాళ్ళు ఏడాదికోసారి ఒక ఆడిటర్ని పంపి ప్లాంటంతా తనిఖీ చేయిస్తారు. ఆయన అడిగే ఫైళ్ళలో అదొకటి. అది లేకపోతే సరుకు కొనరు. అందుకని, పొయ్యి మీద పాలు పొంగితేనే కంగారుపడే నేను ఎనభైమంది ఆడవాళ్ళని నిప్పు నుంచి కాపాడే అధికారినయ్యాను. జీతంలో తేడా లేదుగానీ మెడలో వేసుకునే కార్డు మారింది. ఆ కార్డు చూసుకుని మొదటి వారం కాస్త మురిసిపోయిన మాట కూడా దాచను.

ముందు ఆ హాలు ఎలా ఉండేదో చెప్పాలి. పొట్టు వలిచే హాలు అది. పొడుగ్గా ఉంటుంది. చల్లదనం బయటికి పోకూడదు, ఈగ లోపలికి రాకూడదు. కాబట్టి కిటికీలుండవు. స్టీలు బల్లల చుట్టూ ఆడవాళ్ళు పొద్దస్తమానం నిలబడే ఉంటారు. తెల్ల కోటు, తలకి టోపీ, మూతికి గుడ్డ, కాళ్ళకి మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు. కళ్ళు తప్ప మనిషి కనపడదు. ఆ హాలుకి రెండే గుమ్మాలు. రాకపోకలన్నీ తూర్పు గుమ్మంలోంచి. రెండోది నైరుతి మూలన, ఆపదొస్తే పారిపోవడానికి. దాని మీద పరిగెడుతున్న మనిషి బొమ్మతో ఆకుపచ్చ బోర్డు, కరెంటు పోయినా వెలుగుతుంది.

నైరుతిలో గుమ్మం ఉంటే యజమానికి గండమని ఓనరు గారి సిద్ధాంతి గారు చెప్పారట. గుమ్మం లేకపోతే ప్లానుకి అనుమతి రాదని ఇంజనీరు చెప్పాడట. ఓనరు గారు మహా మర్యాదస్తులు, ఎవరి మాటా తీసెయ్యరు. గుమ్మం పెట్టించారు, దానికి గొలుసేసి తాళం వేయించారు. తాళంచెవి ఆఫీసు పూజగదిలో లక్ష్మీదేవి పటం వెనక ఉండేది. నేను ఇన్‌ఛార్జినైన కొత్తలో, మెడలో కార్డుంది గదా అని, ధైర్యం చేసి అడిగాను.

"ఏమ్మా, గుమ్మం ఉండాలన్నారు, పెట్టాం. తియ్యాలని ఎక్కడుందండీ?" అన్నారు. మా వైపు మనిషిని నీళ్ళలోకి తోసేటప్పుడు కూడా 'అండీ' తియ్యరు.

కరెంటు పానెలు మాత్రం శాస్త్రం ప్రకారం ఆగ్నేయంలోనే పెట్టించారు. అగ్నిదేవుడి మూల కదా. అది తూర్పు గుమ్మానికి నాలుగు అడుగుల దూరంలో ఉంది. అంటే నిప్పుకి ఎక్కడ పుట్టాలో చూపించి, మనుషులకి దాని పక్కనుంచే దారి పెట్టి, రెండో దారికి తాళం వేశారు. ఇదంతా నాకు రోజూ కనపడేది. కళ్ళున్నాయి గనక కనపడేది, అంతే.

ఇప్పుడు నా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. తెరవని గుమ్మం కదా, దాని ముందు ఖాళీ క్రేట్లు పేర్చేసేవాళ్ళు. ఆడిటరొచ్చి "దారికి అడ్డం" అని రాసిపోయాడు. నోటీసు అంటించాను, నేల మీద పసుపు గీత గీయించాను, అరిచాను. మర్నాటికి మళ్ళీ క్రేట్లే. అప్పుడు నాకు బజార్లో గోడలు గుర్తొచ్చాయి. ఎవరూ అక్కడ నిలబడి నీళ్ళు వదలకుండా దేవుళ్ళ బొమ్మలు అంటిస్తారు కదా. భీమవరంలో ఒక వినాయకుడి పటం కొని, విఘ్నాలు తొలగించే దేవుడు గదా అని నవ్వుకుంటూ, తెచ్చి ఆ తలుపుకి అంటించాను.

రెండు రోజుల్లో క్రేట్లు మాయమయ్యాయి. మేనేజరు గారు "బుర్రంటే మీదేనండి" అన్నారు. నేను పొంగిపోయాను. వారంలో బొట్టు పెట్టారు, ప్లాస్టిక్ పూలదండ వేశారు. ఎవరో అగరొత్తి కూడా వెలిగిస్తే అరిచి తీయించాను. ఆ తర్వాత ఎవరూ బూట్లతో ఆ తలుపుకి ఆరడుగుల్లోకి వెళ్ళేవారు కాదు. దూరం నుంచే కళ్ళకద్దుకుని పనిలోకి పోయేవాళ్ళు. గుమ్మానికి అడ్డు తీసేశానని ఆడిట్ ఫైల్లో రాసుకున్నాను. క్రేట్లయితే తంతే పడతాయి. నేను పెట్టిన అడ్డుని ఎవరు తంతారు?

ట్రైనింగు ఇచ్చే ఆయన కాకినాడ నుంచి వచ్చేవాడు. ఎప్పుడో ఫైర్ స్టేషన్లో పనిచేసి రిటైరయ్యాడు. కారు దిగుతూనే సంచిలోంచి సర్టిఫికెట్లు తీసి నా చేతిలో పెట్టాడు. అందరి పేర్లూ అచ్చయి ఉన్నాయి, సంతకం కూడా అయిపోయింది. శిక్షణ ఇంకా మొదలవలేదు. "జాగ్రత్తగా పెట్టండి మేడం, తడవకూడదు" అన్నాడు.

అయితే ఆయనకి పని రాదని మాత్రం అనలేను. అదే ఇంకా రోత. వాకిట్లో ఇనప పళ్ళెంలో డీజిలు పోసి మంట పెట్టి, చుట్టూ ఆడవాళ్ళని నిలబెట్టి శుభ్రంగా చెప్పాడు. "నిప్పుకి మూడు కావాలమ్మా. కాలే వస్తువు, గాలి, వేడి. మూడింట్లో ఒకటి తీసెయ్యండి, చస్తుంది. కరెంటు మంట మీద మాత్రం నీళ్ళు పొయ్యకండి, మీరే పోతారు. పొగొస్తే పరిగెత్తకండి. పొగ పైకి పోద్ది, మంచి గాలి కింద ఉంటది. వంగండి, తడిగుడ్డ ముక్కుకి పెట్టుకోండి, ఆకుపచ్చ బోర్డు వైపు నడవండి." సిలిండరు తీసుకుని పిన్ను లాగి, గొట్టం మంట మొదట్లోకి చూపించి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాడు. మంట టక్కున ఆరిపోయింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అక్కడితో శిక్షణ అయిపోయింది, ఫొటోలు మొదలయ్యాయి. సిలిండర్లో పొడి ఖాళీ అయితే మళ్ళీ నింపించాలి గదా, అందుకని ఎవరూ పిన్ను లాగొద్దు, పట్టుకుని నిలబడండి చాలు అన్నారు మేనేజరు గారు. ఒక్కొక్కరి చేతికీ సిలిండరివ్వడం, నవ్వమనడం, తీసుకోవడం. బారసాలలో పిల్లాడిని చేతులు మార్చినట్టు అది ఎనభైమంది చేతులు మారింది. ఆ మధ్యలో ఒకావిడ నిజంగానే పిన్ను లాగి పిడి నొక్కేసింది. మేనేజరు గారు తల నుంచి చెప్పుల దాకా తెల్లగా అయిపోయారు. కనుబొమల మీంచి పొడి రాలుతుంటే, "ఎవరండీ ఆ తల్లి గారు?" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నొక్కినావిడకి యాభై దగ్గరుంటాయి. ఉప్పాడ దగ్గర ఊరు. ఇల్లు సముద్రంలో కలిసిపోతే కూతుర్ని తీసుకుని ఇటొచ్చి, ప్లాంటు వెనక గదుల్లో ఉండేది. తల్లీకూతుళ్ళిద్దరూ పొట్టు వలిచేవాళ్ళే. నవ్వులయ్యాక నా దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడం గారండీ, ఒక మాటండి. ఆ వినాయకుడి గుమ్మం తెరుచుకుంటదాండి?"

"ఎందుకక్కా?"

"ఆయనగారు ఆకుపచ్చ బోర్డు వైపు నడవమన్నారు గదండీ. అటు నడిచాక తెరుచుకోకపోతేనోనండి? మా ఊళ్ళో ఇంటికి రెండు గుమ్మాలెట్టుకుంటామండి, సముద్రం వైపొకటి, ఊరి వైపొకటి. ఒకదాన్ని నీళ్ళు తినేసినా రెండోదాంట్లోంచి పోవచ్చని. పడుకునే ముందు రెండూ తెరిచి చూసుకుంటేగాని నాకు నిద్దరట్టదండి. నా పిల్ల నిలబడేది కరెంటు పెట్టె పక్క బల్ల దగ్గరండి. అందుకడిగాను."

ట్రైనింగాయన పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడు. అంతకు ముందే హాలంతా చూశాడు, గొలుసు చూశాడు, తాళం చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన రొయ్యల వేపుడు పళ్ళెంలోంచి తల ఎత్తి, "అది మీ ప్లాంటు వాళ్ళు చూసుకుంటారమ్మా" అని మళ్ళీ పళ్ళెంలోకి వంగాడు.

"తెరుచుకుంటుందక్కా. అవసరమైతే తెరుస్తారు" అన్నాను నేను.

"ఆయ్" అంది. కానీ నమ్మిన మొహం కాదు.

మర్నాడు మేనేజరు గారు మెకానిక్‌ని పిలిచి హాల్లో ఉన్న సిలిండర్ల పిన్నులన్నిటికీ ఇనపతీగ చుట్టించారు, ఇంకెవరూ లాగకుండా. నాలుగేసి మెలికలు. "సిలిండర్లన్నీ భద్రపరచబడినవి" అని నేను రిజిస్టర్లో రాశాను.

తర్వాతి వారం ఆడిటరొచ్చాడు. ఆ గుమ్మం తెరిచి చూపించక తప్పదు. ఓనరు గారు సిద్ధాంతి గారికి ఫోన్ చేసి ఘడియ పెట్టించుకున్నారు. పూజగదిలోంచి తాళంచెవి వచ్చింది. గుమ్మానికి అవతల గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, దిష్టి తీసి, పగలగొట్టాక గొలుసు తీశారు. ఆడిటరు మన దేశం కాని మనిషి, ముచ్చటపడి దానికీ ఫొటో తీసుకున్నాడు. తలుపు సరిగ్గా ఐదు నిమిషాలు తెరిచి ఉంది. చెరువు మీది గాలి హాల్లోకి కొట్టింది. ఉప్పాడావిడ బల్ల దగ్గర్నుంచే నన్ను చూసి కళ్ళతో నవ్వింది. ఆడిటరు కారెక్కగానే పసుపునీళ్ళు చల్లి మళ్ళీ తాళం వేసేశారు. నేను ఆవిడ వైపు చూడలేదు.

ఇరవై రోజులు కూడా కాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక హాజరు చూసుకోవడానికి పట్టీ పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. ఆగ్నేయం మూల నుంచి టప్పుమని చప్పుడయింది. దీపాలు ఆరిపోయాయి. ముందు వైరు కాలిన వాసన, ఆ వెంటనే గోడ. మా హాలు గోడలు ఇటుకవి కావు, చల్లదనం కోసం మధ్యలో నురుగులాంటిది నింపిన రేకు గోడలు. అది అంటుకుంటే వచ్చే పొగ నల్లగా, జిగటగా ఉంటుంది. రెండు నిమిషాల్లో తూర్పు గుమ్మం కనపడకుండా పోయింది. అలా పొగ మూసెయ్యకముందే మంట వెలుగులో చూశాను, ఆ మూల ఒక పిల్ల చేతిలో బల్లలు కడిగే నీళ్ళ గొట్టం ఉంది, పానెలు మీదికి ఎత్తుతోంది.

"కరెంటు మీద నీళ్ళొద్దే! వదిలెయ్!" అని ఇటు చివర నుంచి ఒక అరుపు. ఉప్పాడావిడది. ఆ పిల్ల ఆవిడ కూతురే. గొట్టం వదిలేసింది.

అందరూ ఆకుపచ్చ బోర్డు వైపే వచ్చారు. అది మాత్రం నిజం, చెప్పింది చెప్పినట్టు వచ్చారు. తలుపుకి ఆరడుగుల దూరంలో ఆగిపోయారు. ముందున్న ఇద్దరు వంగారు. పొగకి వంగారనుకున్నాను. కాదు, బూట్లు విప్పుకుంటున్నారు. వెనక డెబ్భైమంది తోసుకొస్తుంటే, ఊపిరాడక దగ్గుతూ, వినాయకుడి ముందుకి బూట్లతో వెళ్ళకూడదని తడిసిన గమ్‌బూట్లని కాళ్ళలోంచి లాక్కుంటున్నారు. వాళ్ళని నేను ఏమనను? ఆ ఆరడుగుల గీత వాళ్ళ బుర్రలో గీసింది నేను.

నేను గోడకున్న సిలిండరు తీసుకున్నాను. పిన్నుకి ఇనపతీగ. గోళ్ళతో మెలికలు విప్పబోయాను. గోరు ఊడొచ్చింది, తీగ రాలేదు. సిలిండరు కింద పడేశాను.

ఉప్పాడావిడ అందర్నీ మోచేతుల్తో తోసుకుంటూ, బూట్లతోనే తలుపు దగ్గరికి వెళ్ళింది. పటాన్ని ఊడబెరికింది. ఒక్కసారి కళ్ళకద్దుకుని, "పట్టుకోండి మేడం గారండీ" అని నా చేతుల్లో పెట్టింది. తర్వాత నేను పడేసిన సిలిండరుని రెండు చేతుల్తో ఎత్తి, రోకటిపోటు వేసినట్టు, గొలుసు తగిలించిన గొళ్ళెం మీద వేసింది. ఎన్ని పోట్లో లెక్కపెట్టలేదు. "వంగండర్రా, కిందికి వంగండి" అని మధ్య మధ్యలో అరుస్తూనే ఉంది. తాళం చెక్కు చెదరలేదు. గొళ్ళెమే చెక్కలోంచి ఊడొచ్చింది. ఇన్‌ఛార్జి కార్డు మెడలో వేసుకున్న మనిషిని నేను. ఆ సేపంతా దేవుడి పటం రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాను.

బయట చెరువు గట్టు మీద, పటం చంకలో పెట్టుకుని, పట్టీ చూసి తలలు లెక్కపెట్టాను. ఇద్దరు తక్కువ. ఆ ఇద్దరెవరో చూసేలోపే తలుపులోంచి నల్లటి పొగ కింద, నేలబారున, ఉప్పాడావిడ పాక్కుంటూ వచ్చింది. కూతురి కోటు మెడ దగ్గర పట్టుకుని ఈడ్చుకొస్తోంది. ఆ పిల్ల వాంతి చేసుకుని, ఏడ్చి, లేచి కూర్చుంది. తల్లి మాత్రం లేవలేకపోయింది. అందరూ బతికారు. ఎనభైమందిలో ఒక్కరు కూడా పోలేదు.

రెండు రోజుల తర్వాత ఓనరు గారు సిద్ధాంతి గారిని వెంటబెట్టుకుని వచ్చారు. మసి పట్టిన హాల్లో, గొళ్ళెం ఊడిన తలుపు ముందు నిలబడి చాలాసేపు తల ఊపారు.

"చూశారా అండీ. ఆవేళ ఐదు నిమిషాలు తెరిచాం, నెల తిరగలేదు. నేను వద్దంటూనే ఉన్నాను" అన్నారు.

ఆ మాటకి ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. సిద్ధాంతి గారు గంభీరంగా కళ్ళు మూసుకున్నారు. మేనేజరు గారు "నిజమేనండి" అన్నారు. నాకు ఆ క్షణంలో అసహ్యంతో ఉమ్మెయ్యాలనిపించింది. ఉమ్మలేదు. నేను కూడా తల ఊపానని తర్వాత గుర్తొచ్చింది.

నేను రెండు కాగితాలు తయారుచెయ్యాలన్నారు. మొదటిది కొనేవాళ్ళకి. శిక్షణ పొందిన సిబ్బంది అత్యవసర ద్వారం గుండా క్షేమంగా బయటపడ్డారని. అందులో ఒక్క అబద్ధం లేదు, చదివితే ఒళ్ళు మండుతుంది. రెండోది ఉప్పాడావిడ రాసిచ్చినట్టు ఉండాలి. అనుమతి లేకుండా తలుపు పగలగొట్టానని, ఆరోగ్యం బాగోక సొంత ఇష్టంతో మానేస్తున్నానని.

"ఆవిడ గారు ఇక్కడే ఉంటే ఓనరు గారికి ఎప్పుడూ అదే గుర్తొస్తుందండి. కూతుర్ని ఉంచుతాంలెండి" అన్నారు మేనేజరు గారు. రెండూ టైపు చేశాను.

ఆవిడ ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చింది. రెండు మాటలకోసారి దగ్గు. పొగ లోపల పట్టేసిందని, ఇక చల్లటి హాల్లో నిలబడకూడదని డాక్టరు చెప్పాడట. ఎలాగూ ఆ పని ఇంక చెయ్యలేదు. కాగితం చదివి వినిపించాను.

"అలాగేనండి. పగలగొట్టింది నేనే గదండీ" అంది. "ఒక్క ముక్క రాయండి మేడం గారండీ, సంతకం పెట్టేస్తాను. ఆ గుమ్మానికి ఇంక తాళం వెయ్యొద్దని రాయండి. నా పిల్ల ఇక్కడే ఉంటది గదండీ."

మేనేజరు గారు పక్క గదిలో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"రాస్తాను లెండక్కా. ఇదిగో, ఇక్కడ రాస్తాను" అని, ఆఖరి వాక్యానికీ సంతకానికీ మధ్య ఉన్న ఖాళీ వేలుతో చూపించాను.

ఆవిడ ఆ ఖాళీ వదిలి, కింద, ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది. పెన్ను మూతపెట్టి నా బల్ల మీద తిన్నగా పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం మేనేజరు గారు కాగితం చూసి, "ఇక్కడింత ఖాళీ ఎందుకొచ్చిందండీ?" అన్నారు. "ప్రింటర్లో తేడా అండి" అన్నాను. ఫైల్లో పెట్టేశాను.

హాలు బాగుచేయించారు. నైరుతి గుమ్మాన్ని ఇటుకలతో మూయించారు. సిద్ధాంతి గారు అది చాలదన్నారేమో, లోపలివైపు రెండు వరసలు కట్టించారు. కానీ ఆడిటరుకి గుమ్మం ఉండాలి గదా. పాత తలుపు రెక్కకి రంగు వేయించి ఆ గోడకి మరలతో బిగించారు. పైన ఆకుపచ్చ బోర్డు మామూలే, పరిగెడుతున్న మనిషితో. ఈసారి ఆడిటరొచ్చినప్పుడు అవతలి వైపు మరమ్మతు జరుగుతోందని చెప్పాలని అనుకున్నారు. మేనేజరు గారు వినాయకుడి పటం దులిపి నా చేతికిచ్చి, "మీ ఐడియానే కదండీ" అన్నారు. తలుపు మీద పాత జిగురు మచ్చ ఇంకా ఉంది. సరిగ్గా దాని మీదే అంటించాను. క్రేట్ల బెడద లేదు.

ఆ తర్వాత ఆరు నెలలకి మానేశాను. పౌరుషంతో మానేశానని చెప్పుకోను, వేరే చోట దొరికింది గనక మానేశాను. కానీ మానేసే ముందు ఇంకొక ట్రైనింగు జరిగింది. అదే ఆయన, అవే సర్టిఫికెట్లు, అదే డీజిలు పళ్ళెం. "ఈ ప్లాంటు ఆడవాళ్ళని చూసి నేర్చుకోవాలండి, అందరూ బయటపడ్డారు" అని మమ్మల్ని మెచ్చుకున్నాడు కూడా. వాకిట్లో అయ్యాక హాల్లో ఒక ఫొటో కావాలన్నాడు. అందరూ వరసగా నిలబడి, అత్యవసర ద్వారం ఎటుందో చెయ్యెత్తి చూపించాలట. అలా ఉంటే ఫైల్లో బాగుంటుందట. ఫోన్ ఆయన చేతికిచ్చి నేను కూడా వరసలో నిలబడ్డాను. చేతులన్నీ లేచాయి.

"ఆ చివరమ్మాయి ఎత్తలేదండీ" అన్నాడు ఆయన.

నా పక్కన నిలబడ్డ పిల్లే. మూతికి గుడ్డ, తలకి టోపీ, కళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ కళ్ళు వాళ్ళమ్మవి. తలుపు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. వెనక ఏముందో ఆ పిల్లకీ తెలుసు, ఇటుకలు మోసిన రోజు అక్కడే ఉంది.

"ఎత్తమ్మా" అన్నాను.

ఎత్తింది.